నువ్వు బాలింతవే తల్లీ

అమ్మలూ,

నిన్న ఫోన్లో నువ్వు అడిగినదానికి ముందు జవాబు చెప్తాను. "పెద్దమ్మా, బిడ్డ పోయిన బాధ కంటే ఆస్పత్రిలో వాళ్ళన్న మాటలే ఎక్కువ గుర్తొస్తున్నాయి. నేనేమన్నా అతి చేస్తున్నానా?" అన్నావు. లేదమ్మా. నీకు తగిలినవి రెండు దెబ్బలు. మొదటిది ఎవరి చేతిలోనూ లేనిది. రెండోది మనుషులు చేసింది, తలుచుకుంటే చెయ్యకుండా ఉండగలిగింది. మనసు ఆ రెండోదాని చుట్టూనే తిరుగుతుంది. గోరుచుట్టు మీద రోకటి పోటు పడితే ఏది ఏ నొప్పో విడదీసి చెప్పడం ఎవరి తరం?

ఇంట్లో అందరూ "మర్చిపో, వయసుంది, మళ్ళీ పుడతారు" అంటున్నారన్నావు. ప్రేమతోనే అంటున్నారు. నేను మాత్రం ఆ మాట అనను. నా ఉద్యోగమంతా సర్కారు ఆస్పత్రి కాన్పుల వార్డులో గడిచింది. అక్కడ ఏం జరగాలో, ఏం జరగకూడదో చూసినదాన్ని. నీకు జరిగినవి జరగకూడనివి. ఈ సంగతి నీకు ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి. అందుకే ఈ ఉత్తరం.

స్కానింగ్ దగ్గర మొదలుపెడతాను. ఆ అమ్మాయి నీకు కనబడకుండా తెర పక్కకి తిప్పేసి, ఒక్క ముక్క చెప్పకుండా బయటికి పోయింది. డాక్టరమ్మ వచ్చి, నీ కడుపు మీద చెయ్యి ఉండగానే పక్కనున్న జూనియరుతో "ఐయూడీ, అడ్మిట్ చేసి నొప్పులు పెట్టించెయ్" అంది. ఆ మూడక్షరాలు నువ్వు ఫోన్లో వెతుక్కుంటే మొదట పిల్లలు పుట్టకుండా వేసే లూప్ అని వచ్చిందన్నావు. నీ బిడ్డ గుండె ఆగిపోయిందని నీకు చెప్పింది మనిషి కాదు, ఫోను. ఇది చెప్పినప్పుడు నువ్వు ఏడవలేదు గానీ, నాకు మాత్రం రాత్రి నిద్ర పట్టలేదు.

ఆవిడ చెయ్యాల్సింది పెద్ద పనేమీ కాదు. స్టూలు లాక్కుని నీ పక్కన కూర్చుని, అల్లుడిని లోపలికి పిలిపించి, "అమ్మా, బిడ్డ గుండె కొట్టుకోవడం ఆగిపోయింది" అని తేట తెలుగులో చెప్పి, ఆ తర్వాత కాసేపు నోరు మూసుకుని ఉండడం. అంతే. ఇంకొకటి కూడా చెప్పవలసింది, అది నీకు ఎవరూ చెప్పలేదు. రక్తం పోకుండా, జ్వరం లేకుండా, బీపీ పెరగకుండా, ఉమ్మనీరు పోకుండా ఉంటే, అప్పటికప్పుడు నొప్పులు తెప్పించాల్సిన తొందర చాలామందిలో ఉండదు. ఒక రాత్రి ఇంటికెళ్ళి, మీ అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చి, మర్నాడు రావచ్చు. ఆ ఒక్క రాత్రి కావాలా వద్దా అని అడిగే మనిషి లేకపోయారు.

నొప్పుల గదిలో నొప్పికి మందు అడిగితే "ఇది మామూలు కాన్పు కాదుగా, కొంచెం ఓర్చుకో" అన్నారట. అది నిజానికి తిరగబడిన మాట. బతికున్న బిడ్డ కడుపులో ఉంటేనే, మందు బిడ్డకు ఎక్కుతుందేమోనని ఆచితూచి ఇస్తాం. బిడ్డ లేనప్పుడు ఆ జంకు అక్కర్లేదు. తల్లికి ఎంత ఉపశమనం ఇవ్వగలిగితే అంత ఇవ్వాలి. మీ అమ్మను తలుపు బయటే నిలబెట్టేశారు కదా, దానికీ సమర్థన లేదు. కాన్పు గదిలో తల్లి పక్కన ఒక తోడు ఉండనివ్వాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే సర్కారు ఆస్పత్రులకు చెప్పింది. 2017 డిసెంబరులో మొదలైన 'లక్ష్య' కార్యక్రమంలో కాన్పు గదిలో తల్లికి మర్యాద, మరుగు, తోడు ఉండాలని రాసుకుంది. మంచాలు చాలని, మనుషులు చాలని సర్కారు వార్డులకే ఇది కుదురుతుందని అనుకున్నప్పుడు, లక్ష దాటిన బిల్లు వేసిన కార్పొరేటు ఆస్పత్రికి ఎందుకు కుదరదు? రద్దీ అంటారు. రద్దీ ఏమిటో నాకు తెలుసు. ఒక మంచం మీద ఇద్దరు తల్లుల్ని పడుకోబెట్టిన రోజులు చూశాను. అప్పుడు కూడా మంచి మాటకు అదనంగా మంచం అక్కర్లేకపోయింది.

తర్వాత నిన్ను తీసుకెళ్ళి బాలింతల వార్డులో పడుకోబెట్టారు. అటూ ఇటూ ఉయ్యాలలు, పసిపిల్లల ఏడుపులు. ఆయా వచ్చి "పాపా బాబా? స్వీట్లకివ్వమ్మా" అంది. నువ్వు గోడవైపు తిరిగి పడుకున్నానన్నావు. ఆ ఆయా మీద నాకు కోపం రాలేదమ్మా. ఆవిడకి ఎవరూ చెప్పలేదు. కేసు షీటు మీద ఒక గుర్తు పెట్టి, మంచం దగ్గర అందరికీ అర్థమయ్యే చిన్న బిళ్ళ తగిలిస్తే ఆయా దగ్గర్నుంచి అన్నం తెచ్చే అబ్బాయి దాకా తెలుస్తుంది. బిడ్డ పోయిన తల్లిని ఆడవాళ్ళ ఆపరేషన్ల వార్డులోనో, ఆ చివర గదిలోనో పెట్టడానికి ఏ మిషనూ కొనక్కర్లేదు. అలా పెట్టాలని అనుకునేవాళ్ళు ఉండాలి. డిశ్చార్జి కాగితంతో పాటు టీకాల పట్టిక కూడా చేతిలో పెట్టారంటే, నువ్వెవరో ఏమైందో చూడకుండానే కాగితాలు కుట్టేశారన్నమాట.

ఇక బిడ్డను చూపించని సంగతి. దీని గురించి ఎక్కువ చెప్తాను, ఎందుకంటే నువ్వు అల్లుడి మీద మనసులో పెట్టుకున్న కోపం కూడా ఇందులోనే ఉంది.

సిస్టరు అతన్ని పక్కకి పిలిచి "చూస్తే ఆమె తట్టుకోలేదు, సంతకం పెట్టండి, మేం చూసుకుంటాం" అంది. అతను పెట్టాడు. అతనికి ఆ క్షణంలో ఇంకేం తెలుసు? తెల్లకోటు వేసుకున్న మనిషి, రోజూ ఇవే చూసే మనిషి, అలా అంటే కాదని ఎలా అంటాడు? నిన్ను కాపాడుతున్నాననుకున్నాడు. అతను కూడా ఆ బిడ్డకు తండ్రి, అతన్ని కూడా ఎవరూ "నువ్వు చూస్తావా నాయనా" అని అడగలేదు. నీ కోపం అతని మీది నుంచి తీసి ఎవరి మీద పెట్టాలో అక్కడ పెట్టు. అతనితో ఒకరోజు కూర్చుని అడుగు, సంతకం పెట్టేటప్పుడు ఏమనుకున్నాడో. నీకు చెప్పనివి అతని దగ్గర ఇంకా ఉంటాయి.

మా వార్డులో ఏం చేసేవాళ్ళమో చెప్తాను. బిడ్డను గోరువెచ్చని నీళ్ళతో తుడిచి, మెత్తటి పాత చీర ముక్కలోనో తెల్ల గుడ్డలోనో చుట్టేవాళ్ళం. తల్లి దగ్గరికి వెళ్ళి "చూస్తావా అమ్మా? వద్దంటే ఫరవాలేదు, కాసేపయ్యాక మళ్ళీ అడుగుతాను" అనేవాళ్ళం. మళ్ళీ అడగడం ముఖ్యం. మొదట వద్దన్న తల్లి గంట తర్వాత "ఒక్కసారి చూపించు సిస్టర్" అనడం నాకు తెలుసు. చూడననే తల్లినీ బలవంతపెట్టకూడదు. చూడాలా వద్దా అనేది ఆమె ఇష్టం. ఆమె తరఫున మొగుడో అత్తగారో నర్సో నిర్ణయించేది కాదు. మీవాళ్ళు అడిగి ఉంటే బిడ్డను మీకే అప్పగించి ఉండేవాళ్ళేమో కూడా. చాలాచోట్ల కాగితం రాయించుకుని ఇస్తారు, పెద్దవాళ్ళు తీసుకెళ్ళి పూడ్చి వస్తారు. అడక్కపోతే 2016 నాటి ఆస్పత్రి వ్యర్థాల నిబంధనల ప్రకారం, బయట బతికే వయసు రాని పిండాన్ని పసుపు సంచిలో వేస్తారు. అలా అడగొచ్చని మీకు చెప్పవలసింది వాళ్ళు.

ఇప్పుడు చెయ్యగలిగింది ఒకటుంది. ఆ స్కానింగ్ ఫోటోలు పారెయ్యకు. ఎవరైనా "ఇంట్లో ఉంచుకోకూడదు" అంటే నా పేరు చెప్పు. పేరు పెట్టుకోవాలనిపిస్తే పెట్టుకో, ఎవరికీ చెప్పక్కర్లేదు. మన జనన మరణాల చట్టం 1969 నాటిది, 28 వారాలు నిండాక పోయిన బిడ్డనే అది మృత జననంగా రిజిస్టరులో రాస్తుంది. నీ 20 వారాల బిడ్డకు అందులో చోటు లేదు. ఇంగ్లండులో అయితే 24 వారాల లోపు పోయిన బిడ్డలకు కూడా, తల్లిదండ్రులు అడిగితే 2024 ఫిబ్రవరి నుంచి ప్రభుత్వమే ఒక సర్టిఫికెట్ ఇస్తోంది. మనకి ఆ కాగితం లేదు. కాగితం లేనంత మాత్రాన నువ్వు మోసింది బిడ్డ కాకుండా పోదు.

ఇక నీ ఒంటి సంగతి, దీనికి నువ్వు నా మాట వినాలి. మీ అత్తగారు "బాలింతా ఏమన్నానా, లేచి తిరిగితే మనసు బాగుంటుంది" అన్నారని విన్నాను. ఆవిడకి నా మాటగా చెప్పు, చెప్పలేకపోతే నేనే ఫోన్ చేస్తాను. నువ్వు బాలింతవే తల్లీ. చేతిలో బిడ్డ లేకపోయినా నొప్పులు పడ్డావు, కాన్పయ్యావు, రక్తం పోయింది, గర్భసంచి మళ్ళీ మామూలుకు రావాలి. పచ్చి ఒళ్ళు. ఐరన్ మాత్రలు మానకు. చారన్నం పథ్యాలు పెట్టుకుని ఒళ్ళు ఎండగట్టుకోకు. పప్పు, గుడ్డు, మునగాకు, చేపలు, అన్నీ తిను. రక్తస్రావం రోజురోజుకీ తగ్గుతూ రావాలి. గంటకో ప్యాడు తడిసిపోతూ రెండు గంటలు వరసగా అలాగే ఉన్నా, జ్వరం వచ్చినా, దుర్వాసన వచ్చినా, పొత్తికడుపులో నొప్పి తగ్గకపోయినా ఆ ఆస్పత్రి మీద అసహ్యంతో ఇంట్లో కూర్చోవద్దు. వేరే ఆస్పత్రికైనా వెంటనే వెళ్ళు. మాయ ముక్క లోపల మిగిలిపోయి ఉండొచ్చు.

మూడో రోజున రవికె తడిసిపోతే నీకు గుండె ఆగినంత పనైందన్నావు. పాలు వస్తాయని ముందే చెప్పకపోవడం నాకు అన్నిటికన్నా దారుణంగా తోచింది. ఐదో నెలలో పోయినా పాలు వస్తాయి, డిశ్చార్జి చేసేముందు ప్రతి తల్లికీ చెప్పాల్సిన మాట అది. బిగుతుగా ఉండే బాడీ వేసుకో, చల్లటి గుడ్డ పెట్టుకో, నొప్పి మరీ ఎక్కువైతే కొంచెం మాత్రమే పిండు, పూర్తిగా పిండితే మళ్ళీ చేపుతాయి. డాక్టరును అడిగితే పాలు ఆగే మాత్ర రాస్తారు, కానీ బీపీ ఉన్నవాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి. మీ అమ్మమ్మ మల్లెపూలు కట్టమందని మీ అమ్మ నవ్విందట. నవ్వక్కర్లేదు. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వాళ్ళు మల్లెపూలను పాలు ఆపే మాత్రతో పోల్చి చూసి 1988లో ప్రచురించారు, పూలు కట్టుకున్నవాళ్ళకీ పాలు తగ్గాయి. రొమ్ము ఎర్రబడి గట్టిపడి జ్వరం వస్తే మాత్రం పూలతో కూర్చోకు.

నీ రక్తం గ్రూపు పాజిటివ్ కాబట్టి ఒక బెంగ లేదు. నెగటివ్ అయి, భర్తది పాజిటివ్ అయితే 72 గంటల్లోపు యాంటీ-డీ ఇంజెక్షన్ పడాలి, గర్భం పోయినప్పుడు కూడా. నీ స్నేహితురాళ్ళలో ఎవరికైనా ఇలా జరిగితే ముందు ఈ మాటే అడుగు.

ఎందుకు పోయిందని నిన్ను నువ్వు తవ్వుకుంటున్నావు. స్కూటీ నడిపినందుకా, బొప్పాయి తిన్నందుకా, గ్రహణం రోజు బయటికొచ్చినందుకా, ఆఫీసులో గొడవపడి ఏడ్చినందుకా అని. వీటిలో ఏదీ కాదు. మొదటి మూడు నెలల్లో పోయిన గర్భాల్లో సగం దాకా పిండంలోని క్రోమోజోముల తేడా వల్లే పోతాయి. ఐదో నెలలో అయితే మాయ సరిగ్గా పనిచెయ్యకపోవడం, ఇన్ఫెక్షను, బీపీ, షుగరు, థైరాయిడు, రక్తం గడ్డకట్టే గుణం, ఇలా వెతకవలసినవి ఉన్నాయి. వెతికినా కారణం దొరకని వాళ్ళూ చాలామందే ఉంటారు, అది కూడా నీ తప్పు కాదు. మాయను పరీక్షకు పంపారా లేదా అడుగు. యాంటీఫాస్ఫోలిపిడ్ పరీక్ష చేయించి, అది పాజిటివ్ వస్తే 12 వారాల తర్వాత మళ్ళీ చేయించాలి. ఒక్కసారి రిపోర్టు చూసి ఎవరైనా ఏదో జబ్బు పేరు పెడితే నమ్మేయకు.

ఇందుకే కాగితాలు కావాలి. డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే చాలదు, కేసు షీటు కాపీ, స్కాను రిపోర్టు, రక్త పరీక్షలు, మాయ పరీక్ష రిపోర్టు అన్నీ రాతపూర్వకంగా అడుగు. రోగి అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని వైద్యుల నియమావళిలో 2002లోనే రాశారు. "అవి ఇవ్వం" అంటే ఈ నియమం పేరు చెప్పమని అల్లుడికి చెప్పు. మళ్ళీ కడుపు పండినప్పుడు కొత్త డాక్టరు ఈ కాగితాలు చూసే ముందుకు వెళ్తారు.

ఆఫీసులో సిక్ లీవు పెట్టుకోమన్నారన్నావు. పెట్టకు. గర్భం పోయిన స్త్రీకి ఆ మర్నాటి నుంచి ఆరు వారాలు జీతంతో సెలవివ్వాలని 1961 నాటి ప్రసూతి చట్టంలోనే ఉంది, దాని స్థానంలో తెచ్చిన 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఉంది. దానివల్ల జబ్బు చేస్తే ఇంకో నెల. డాక్టరు కాగితం జతచేసి ఈమెయిల్ పెట్టు. ఫోన్లో నోటిమాటగా అడగకు.

గర్భం యాప్ ఫోన్లోంచి తీసెయ్. ఆస్పత్రి నుంచి వచ్చే మెసేజీలు ఆపమని రాయి. మీ అమ్మ వాళ్ళ ఊళ్ళో ఏఎన్ఎమ్ దగ్గర నీ పేరు రాయించి ఉంటే, మీ అమ్మే వెళ్ళి విషయం చెప్పి రావాలి. లేకపోతే రెండు నెలల తర్వాత ఆ పిల్ల నవ్వుకుంటూ వచ్చి "ఎన్నో నెల?" అంటుంది.

ఫిర్యాదు సంగతి ఇప్పుడు. చెయ్యాలా అని అడిగావు. చెయ్యాలి. ఈ వారమే అక్కర్లేదు, నీకు ఓపిక వచ్చాకే. కానీ గుర్తున్నవి ఇప్పుడే ఒక పుస్తకంలో రాసిపెట్టుకో. ఏ రోజు, ఏ వేళ, ఎవరు, ఏమన్నారు. నాలుగు నెలలు పోతే "అంత మాట అన్నారా" అని నీకే సందేహం వస్తుంది, ఇంట్లోవాళ్ళు ఆ సందేహాన్ని ఇంకా పెంచుతారు. ఉత్తరం మెడికల్ సూపరింటెండెంటు పేరున రాయి, ఐపీ నంబరు వెయ్యి, తిట్లు రాయకు. జరిగింది జరిగినట్టు రాసి, ఏం మార్చాలో అడుగు. బిడ్డ పోయిన తల్లికి వేరే గది, కేసు షీటు మీద గుర్తు, కాన్పు గదిలో తోడు, బిడ్డను చూస్తారా అని తల్లినే అడగడం, పాలు వస్తాయని డిశ్చార్జికి ముందే చెప్పడం. ఆయాను ఉద్యోగంలోంచి తీసేయమని మాత్రం రాయకు. వాళ్ళు ఆమెను బలిచ్చి చేతులు దులుపుకుంటారు, వార్డు అలాగే ఉంటుంది. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రోగుల హక్కుల పత్రం ఒకటి తయారుచేసింది. 2019లో దాన్ని అమలు చెయ్యమని కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు రాసింది. అందులో గౌరవం, గోప్యత, రికార్డులు, ఫిర్యాదు వినిపించుకునే హక్కు అన్నీ ఉన్నాయి. ఉత్తరంలో దాని పేరు వెయ్యి. జవాబు రాకపోతే అప్పుడు రాష్ట్ర వైద్య మండలి, వినియోగదారుల కమిషన్ ఉన్నాయి. డబ్బు తీసుకుని చేసిన వైద్యం వినియోగదారుల చట్టం కిందికే వస్తుందని సుప్రీంకోర్టు 1995లో తేల్చింది.

దీనివల్ల బిడ్డ తిరిగి రాదని నాకూ తెలుసు. కానీ ఆ వార్డులో ఆ మంచం మీద రేపు ఇంకొక అమ్మాయి పడుకుంటుంది. మా రోజుల్లో వార్డులో ఏదైనా మారిందంటే ఏదో ఒక తల్లి నోరు తెరిచినందువల్లే మారింది.

ఏడుపు వస్తే ఏడువు. కానీ రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోయినా, అన్నం సహించకపోయినా, బతకాలని లేదనిపించినా, దాచుకోకుండా చెప్పు. నాకు చెప్పలేకపోతే 14416కి ఫోన్ చెయ్యి, ప్రభుత్వ టెలీ మానస్ వాళ్ళది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. మళ్ళీ బిడ్డను ఎప్పుడు కనాలన్నది నువ్వూ, అల్లుడూ, డాక్టరూ మాట్లాడుకునే విషయం. ఎవరు అడిగినా "చెప్తాం" అని ఊరుకో.

ఆదివారం వస్తున్నాను. కేసు షీటు కాపీ కోసం ఆస్పత్రికి నేనూ మీ ఆయనా వెళ్తాం, నువ్వు ఆ గుమ్మం తొక్కక్కర్లేదు. ఈలోగా ఆ పుస్తకంలో రాయడం మొదలుపెట్టు, మాత్రలు మానకు.

మీ పెద్దమ్మ